గొడుగు తిరుపతి రాతపరీక్ష

తిరుపతి జన్మలో విమానం ఎక్కలేదు. నిచ్చెన నాలుగో మెట్టు మీద నిలబడితేనే అతనికి కళ్లు తిరుగుతాయి. అయినా కొండాపూర్ దగ్గరి రేకుల షెడ్డులో అతను మడిచి కట్టిన పారాచూట్లు వీపుకి తగిలించుకొని పదకొండేళ్లుగా మనుషులు ఆకాశంలోంచి దూకుతూనే ఉన్నారు. అందరూ తమ కాళ్ల మీదే నేలకి దిగారు. ఒకాయన మాత్రం చెప్పుల దుకాణం పందిరి మీద దిగాడు. అది గాలి చేసిన తప్పు, మడత చేసింది కాదు.

ఆ చుట్టుపక్కల పారాచూట్ అని ఎవరూ అనరు, గొడుగు అంటారు. అతను గొడుగు తిరుపతి.

వాళ్లది మేరోళ్ల ఇల్లు. తాతా తండ్రీ కొండాపూర్‌లో కుట్టుమిషన్ తొక్కినవాళ్లే. తిరుపతి ఏడో తరగతి దాకా తెలుగు బడిలో చదివి, ఆ తర్వాత జాకెట్లు కుట్టాడు, పెళ్లి షామియానాలు కుట్టాడు. ఒకరోజు సైన్యం నుంచి రిటైరైన హవల్దార్ యజ్ఞనారాయణ ఆ దారిన పోతూ ఆగి, గీత గీయకుండా గజం పొడుగు కుట్టు వెయ్యమన్నాడు. తిరుపతి వేశాడు. హవల్దార్ ఆ కుట్టు మీద స్కేలు పెట్టి చూసి, మర్నాటి నుంచి షెడ్డుకి రమ్మన్నాడు. అప్పుడే కొత్తగా పెట్టిన ఒక ఏరో స్పోర్ట్స్ క్లబ్బుకి పారాచూట్లు చూసుకొనేది ఆయనే. హిందీలో తిట్టి తెలుగులో నేర్పించేవాడు. నాలుగేళ్ల కింద ఆయన పోయాక, బల్లా మిషనూ తిట్లూ అన్నీ తిరుపతికే మిగిలాయి.

సంతకం కూడా. ప్రతి పారాచూట్‌కీ ఒక చిన్న జేబు, అందులో ఒక అట్టముక్క ఉంటుంది. ఎప్పుడు మడిచారు, ఎవరు మడిచారు అని దాని మీద రాసి సంతకం పెట్టాలి. దూకేవాళ్లు విమానం ఎక్కేముందు ఆ అట్ట లాగి చూసుకుంటారు. తెలుగులో తిరుపతి అని కనిపిస్తే మళ్లీ జేబులో పెట్టి బటన్ వేసుకుంటారు. ఏడో తరగతి చదివినవాడి సంతకానికి అంతకంటే పెద్ద గౌరవం హైదరాబాదులో ఎక్కడా దొరకదు. దాన్ని పోగొట్టుకోవడం అంటే ఏమిటో తిరుపతికి తప్ప ఇంకెవరికీ తెలియదు కూడా.

అలాంటి సమయంలో, పందొమ్మిది వందల తొంభై తొమ్మిది ఆగస్టులో, ఢిల్లీ నుంచి ఒక కాగితం వచ్చింది. పారాచూట్ నిపుణుల మండలి అట. రెండువేల సంవత్సరం జనవరి ఒకటి నుంచి, మండలి పెట్టే రాతపరీక్ష పాసైనవాళ్లే ఆ అట్టల మీద సంతకం పెట్టాలి. యాభై ప్రశ్నలు, ప్రశ్నకి నాలుగు జవాబులు, సరైనదాని పక్కన పెన్సిలుతో సున్నా నింపాలి. అంతా ఇంగ్లిష్. ముప్పై అయిదు వస్తే పాస్. పారాచూట్ మడిచి చూపించమని మాత్రం ఎక్కడా లేదు. ఆ సంగతి తర్వాతి దశలో పరిశీలిస్తామని చివర్న చిన్న అక్షరాల్లో రాశారు.

అదే జనవరి ఒకటికి కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని మాదాపూర్ అద్దాల మేడల్లో అందరూ గాభరా పడుతున్నారు. తిరుపతికి కంప్యూటర్లతో పనిలేదు. ఆగిపోయేది అతని సంతకం.

క్లబ్బు మేనేజర్ శ్యామ్ కాగితం చదివి వినిపించాడు. ఎంబీఏ చేసినవాడు, చెడు వార్త కూడా నవ్వుతూ చెప్పడం నేర్చుకున్నవాడు.

"చూడు తిరుపతీ, ఇప్పుడంతా ప్రాసెస్. నీ దగ్గర స్కిల్ ఉంది, డాక్యుమెంట్ లేదు."

"పాస్ కాకపోతే ఏంది సార్?"

"తీసెయ్యం. షెడ్డు ఊడ్వడం, సామాను మోయడం, అలాంటివి ఉంటాయిగా. బ్యాకప్‌గా మన లోహిత్ కూడా పరీక్ష రాస్తాడు."

లోహిత్ అంటే క్లబ్బు ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చొనే కుర్రాడు, ఇరవై మూడేళ్లు. ఇంజనీరింగ్ రెండో ఏడులో వదిలేశాడు. ఆ తర్వాత కోబాల్ అనే కంప్యూటర్ కోర్సు మొదలుపెట్టి సగంలో వదిలేశాడు, జావా మొదలుపెట్టి అదీ వదిలేశాడు. పారాచూట్‌ని దగ్గరగా చూసింది ఒక్కసారే, దాని మీద కూర్చొని టిఫిన్ తింటూంటే తిరుపతి తిట్టిన రోజున.

ఇంట్లో నీలమ్మకి చెప్తే ఆవిడ కూర కలపడం ఆపింది.

"పదకొండేండ్ల సంది మడుస్తున్నవ్. వాళ్లకు తెల్వదా?"

"తెల్సు. రాసి చూపియ్యాలె అంట."

"బట్ట మడిచేది రాసి చూపిస్తరా ఎవలన్న? రేపు నన్ను అన్నం వండుడు రాసి చూపియ్యమంటరేమో."

"నీకు ఇంకా రాలేదు ఆ కాగితం. వస్తది."

మర్నాడు లోహిత్ అతన్ని స్కూటర్ మీద కూకట్‌పల్లి తీసుకెళ్లాడు. హౌసింగ్ బోర్డు కాలనీలో ఒక మెస్సు పైన మూడో అంతస్తులో విజయదుర్గా ఇన్ఫోటెక్. బోర్డు మీద జావా, ఒరాకిల్, మెయిన్‌ఫ్రేమ్, స్పోకెన్ ఇంగ్లిష్, చేతిరాత బాగుచేయబడును అని వరసగా ఉన్నాయి. అట్టడుగున, ఆదివారం మాత్రం హోమియో మందులు. యజమానీ మేష్టారూ ఒక్కరే, సీతారామాంజనేయులు గారు, తణుకు వైపు మనిషి.

"ఏ కోర్సు కావాలండి?"

"పారాచూట్ మడిచే పరీక్ష సార్."

సీతారామాంజనేయులు గారు రసీదు పుస్తకం తెరిచారు. లేదు అనే మాట ఆ గదిలో అప్పటిదాకా ఎవరూ వినలేదు.

"ఉందండి. వీకెండ్ బ్యాచా, రెగ్యులరా?"

పారాచూట్‌కి విడిగా బ్యాచి లేదు కాబట్టి ఇద్దర్నీ జావా బ్యాచిలో వెనక బెంచీ మీద కూర్చోబెట్టారు. పది రోజులకి మేష్టారు బెంగుళూరులో ఉన్న బావమరిది ద్వారా ప్రశ్నల పుస్తకం తెప్పించారు. జిరాక్సు కాగితాలు, స్పైరల్ బైండింగు, నాలుగు వందల పన్నెండు ప్రశ్నలు, చివర్న జవాబుల కీ. పరీక్షలో వచ్చే యాభై ఇందులోంచే వస్తాయట. బెంగుళూరులో ఈ పరీక్ష పెట్టిన రెండుసార్లూ అలాగే వచ్చాయట.

"ఒకటే సూత్రమండి," అన్నారు మేష్టారు. "ప్రశ్న పూర్తిగా చదవకూడదు. చదివారా, ఆలోచనొచ్చేస్తది. ఆలోచనొస్తే టైమయిపోద్ది. ప్రశ్నలో మొదటి రెండు ముక్కలు, జవాబులో చివరి ముక్క. రెండూ కలిపి బట్టీ కొట్టెయ్యండి."

"మరి అందుల ఏమడిగిండో తెల్వాలె గద సార్?"

"ఎందుకండి? మీరు ప్రశ్నకి జవాబు చెప్పట్లేదు, పరీక్ష పాసవుతున్నారు. రెండూ వేరు." ముందు బెంచీల వైపు చెయ్యి చూపించారు. "వాళ్లనడగండి. జావా అంటే ఏంటో ఒక్కడికైనా తెలుసేమో."

ముందు బెంచీలు గర్వంగా నవ్వాయి.

లోహిత్ తొమ్మిది రోజుల్లో నాలుగు వందల పన్నెండూ మింగేశాడు. ఏదీ పట్టుకొని కూర్చోలేనివాడికి ఈ పద్ధతి దేవుడిచ్చిన వరం, దేన్నీ అర్థం చేసుకోనక్కర్లేదు కదా. తిరుపతికి అక్షరాలు కూడబలుక్కోవడమే కష్టం. లోహిత్ ఒక్కొక్కటీ చదివి తెలుగులో చెప్తే, అతను పాత పుస్తకాల షాపులో కొన్న నిఘంటువు పక్కన పెట్టుకొని తెలుగు అక్షరాల్లో రాసుకునేవాడు. ఒక్కో ప్రశ్న తెలుగులోకి రాగానే అతని మొహం విప్పారేది. అది తనకి తెలిసిందే. పన్నెండేళ్ల పిల్లాణ్ని పట్టుకొని మీ అమ్మ పేరేంటి అని ఫ్రెంచిలో అడిగినట్టు ఉంది ఆ పరీక్ష.

రెండు వందల పన్నెండో ప్రశ్న దగ్గర ఆగాడు. తడిసిన పారాచూట్‌ని ఎక్కడ ఆరబెట్టాలి? జవాబుల్లో నీడ ఉంది, ఎండ ఉంది. కీలో ఎండ అని ఉంది.

"ఇది తప్పు సార్," అన్నాడు.

"తప్పని మనకెలా తెలుస్తుందండి?"

"నైలాన్ బట్ట సార్. ఎండ దానికి విషం. పోగు లోపల్నే చస్తది, పైకి కొత్తగనే కనపడ్తది. మా హవల్దార్ సాబ్ గోడమీద రాసిపెట్టిండు. పదకొండేండ్ల సంది నేను..."

"అది అనుభవమండి. ఇది కీ." మేష్టారి గొంతులో చిరాకు లేదు, జాలే ఉంది. "పోయినసారి ఎండ పెట్టినోళ్లందరికీ మార్కు పడింది. నీడ పెట్టినోడికి పడలేదు. మీరు మార్కు కోసం వచ్చారా, గుడ్డ కోసం వచ్చారా?"

తిరుపతి సంతకం కోసం వచ్చాడు. దానికి మార్కు కావాలి. కాబట్టి ఎండ అనే రాసుకున్నాడు.

అప్పట్నుంచి షెడ్డులో మిషన్ చప్పుడుతో పాటు ఒక పాట కూడా వినిపించేది. బతుకమ్మ పాట వరసలో తిరుపతి కీని కట్టుకున్నాడు. వెట్ క్యానపీ సన్‌లైటూ, బ్రోకెన్ థ్రెడ్డూ రీప్లేసూ, అంటూ తలాడిస్తూ కుట్టేవాడు. దూకే అమ్మాయి వాసంతి విని పడీపడీ నవ్వింది. వాసంతి కూకట్‌పల్లిలో ఉండే బ్యాంకు గుమాస్తా కూతురు. కాలేజీలో ఎన్‌సీసీ తరఫున ఆగ్రా వెళ్లి దూకడం నేర్చుకుంది, ఇప్పుడు క్లబ్బుకి ఉన్న ఒకే ఒక్క ఆకర్షణ ఆమె.

"తిరుపతిగారూ, కోలాటం కూడా పెట్టండి, మేమూ వస్తాం."

"నవ్వమ్మా నవ్వు. నేను ఫెయిలైతే నీ గొడుగు మడిచేది లోహితే."

వాసంతి నవ్వడం ఆపేసింది.

నవంబరులో క్లబ్బుకి పెద్ద బేరం తగిలింది. మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ కొత్త మేడ కట్టింది. ప్రారంభం రోజున ఆకాశంలోంచి తమ పేరు దిగాలని వాళ్ల కోరిక. పారాచూట్ నిండా కంపెనీ పేరు అచ్చు వేయించారు. శ్యామ్ ఆ వారమంతా నేలమీద నడవలేదు. ప్రారంభానికి నాలుగు రోజుల ముందు వాసంతి దాంతో దూకి చూసింది. గాలికి కొంచెం పక్కకి పోయి, మైదానం చివరి కుంటలో దిగింది. ఆమెకేం కాలేదు, కంపెనీ పేరు మాత్రం తడిసి ముద్దయింది.

మర్నాడు పొద్దున తిరుపతి దాన్ని మంచినీళ్లలో జాడించి, పాడుకుంటూ భుజాన వేసుకొని బయటికి నడిచాడు. షెడ్డు వెనక బండల మీద పరిచాడు. నాలుగు మూలలా బరువులు పెట్టాడు. లోపలికొచ్చి మిషన్ ముందు కూర్చున్నాడు. మధ్యాహ్నం సద్ది విప్పుకొని, నీళ్ల కోసం వెనక్కి వెళ్లినప్పుడు చూశాడు. నడినెత్తిన సూర్యుడు. కాలుతున్న బండలు. వాటి మీద నిగనిగలాడుతూ గొడుగు.

తను ఎప్పుడు తెచ్చి పరిచాడో అతనికి గుర్తుకు రాలేదు. చేతులు తెచ్చాయి. నోట్లో పాట నడుస్తుంటే, కాళ్లు దాని వెంట నడిచాయి. పదకొండేళ్లలో ఒక్క రుమాలంత గుడ్డని కూడా ఎండకి చూపించని మనిషి, మూడు గంటలు కాల్చి పెట్టాడు.

చుట్టూ చూశాడు. ఎవరూ లేరు. గొడుగుని చుట్టి నీడలోకి తెచ్చాడు. పైకి ఏమీ తేడా లేదు. మడిచి కట్టేస్తే ఎవడికీ తెలియదు. నిజానికి ఏమీ కాకపోవచ్చు కూడా. సద్ది అలాగే వదిలేసి గొడుగుని బల్ల మీద పెట్టాడు. తర్వాత అట్టముక్క తీసి, తెలుగులో రాశాడు. ఎండలో ఎండింది. నేనే పెట్టిన. దూకొద్దు. కింద సంతకం పెట్టాడు.

శ్యామ్ అట్ట చదివి మొదటిసారి నవ్వకుండా మాట్లాడాడు.

"ఎన్ని గంటలు?"

"మూడు."

"మూడు గంటలకే చెడిపోతుందా?"

"ఎంత చెడిందో నాకు తెల్వదు సార్. గందుకే సంతకం పెట్టను."

"వేరే పారాచూట్లు ఉన్నాయి కదా?"

"ఉన్నయ్. వాటిమీద కంపెనీ పేరు లేదు."

శ్యామ్ వాసంతిని పిలిపించాడు. ఆమె అట్ట చదివింది, తిరుపతి మొహం చూసింది.

"నేను దూకను సార్."

"వాసంతీ, బీ ప్రొఫెషనల్."

"అందుకేనండి, దూకనంటున్నాను."

ప్రారంభం రోజున కంపెనీ పేరు ఆకాశంలోంచి దిగలేదు. దాని బదులు అయిదు వందల బెలూన్లు పైకెళ్లాయి. సగం కరెంటు తీగల మీద చిక్కుకొని, ఆ కొత్త మేడకి వారం పాటు గాలిపోయిన బుడగల తోరణం కట్టాయి. తప్పెవరిదని అందరూ అడిగారు. శ్యామ్ ఒక్కటే మాట చెప్పాడు, మా దగ్గర క్వాలిఫైడ్ మనిషి లేడు, జనవరి నుంచి ఉంటాడు.

పరీక్షకి పదిహేను రోజులుంది. తిరుపతి స్పైరల్ పుస్తకాన్ని సంచీలో చుట్టి అటక మీద పడేశాడు. నోట్లో ఉన్నది చేతుల్లోకి దిగుతుందని అతనికి భయం పట్టుకుంది. నీలమ్మ పాట ఏమైందని అడిగితే, "ఇగ పాడను. గది పాడితే చేతులు చెడిపోతున్నయ్," అన్నాడు. సీతారామాంజనేయులు గారు కబురు పంపారు, ఆఖరి వారం రివిజన్ ఉచితమండీ అని. వెళ్లలేదు.

సికింద్రాబాదులో ఒక బడిలో పరీక్ష. హాలు నిండా ముప్పై మంది. వాళ్లలో చేతుల మీద సూది గాట్లున్నవాడు ఒక్కడే. లోహిత్ పావుగంటలో యాభై సున్నాలూ నింపేసి బయటికెళ్లి టీ తాగాడు. తిరుపతి మాత్రం చెయ్యకూడని పని చేశాడు. ప్రశ్నలు చదివాడు. ఒక్కో మాటా కూడబలుక్కొని, దాని వెనకున్న గుడ్డనీ తాడునీ కళ్లముందు తెచ్చుకొని, అప్పుడు పెన్సిలు కదిపాడు. గంట కొట్టేసరికి నలభై ఒకటో ప్రశ్న మీద ఉన్నాడు. ఆ తడిసిన పారాచూట్ ప్రశ్న కూడా వచ్చింది. నీడ దగ్గర సున్నా నింపాడు, కాగితం చిరిగేంత గట్టిగా.

డిసెంబరు చివర్న మార్కులొచ్చాయి. లోహిత్‌కి నలభై ఎనిమిది. తిరుపతికి ముప్పై మూడు. ఎండ అని పెట్టి ఉన్నా ముప్పై నాలుగే అయ్యేది, పాసయ్యేవాడు కాదు. కాబట్టి అతన్ని త్యాగమూర్తిని చేసే అవకాశం కూడా ఎవరికీ దొరకలేదు. ఉత్త ఫెయిలు.

జనవరి ఒకటి వచ్చింది. కంప్యూటర్లు ఏవీ ఆగలేదు. తిరుపతి సంతకం ఆగింది. శ్యామ్ లోహిత్‌కి రబ్బరు స్టాంపు చేయించి ఇచ్చాడు, సర్టిఫైడ్ అని పైన, పేరు కింద. తిరుపతికి చీపురు విడిగా ఇవ్వలేదు, షెడ్డులో పాతదే ఉంది. మడత మాత్రం నువ్వే పెట్టు, లోహిత్ పక్కన ఉంటాడు, అన్నాడు.

తర్వాతి వారం ఆదివారం దూకడానికి వాసంతి వీపున ఉండే రెండో గొడుగుని షెడ్డులో మడవాల్సి వచ్చింది. మొదటిది తెరుచుకోకపోతే తెరుచుకునేది, తప్పుకి చోటు లేనిది. శుక్రవారం పొద్దున వాసంతి షెడ్డుకి వచ్చి లోహిత్‌ని పక్కకి పిలిచింది.

"సంతకం నీదంట కదా. ఏమైనా అయితే నిన్నే అడుగుతారు. నన్నడగడానికి నేనుండను."

అప్పటిదాకా లోహిత్ ఆ కోణంలో ఆలోచించలేదు. కీలో అది లేదు.

తిరుపతి మూడు గంటలు పని చేశాడు. తాళ్లు సరిచేశాడు, గుడ్డ మడతలు వేశాడు, సీసపు గుండ్లు నింపిన సంచులు మీద పెట్టి నొక్కాడు, ఆఖరి పిన్ను గుచ్చాడు. లోహిత్ కుర్చీలో కూర్చొని స్టాంపు చేతిలో తిప్పుతూ ఉన్నాడు. అయిపోగానే లేచి అట్ట తీసుకున్నాడు.

"జర ఆగు," అన్నాడు తిరుపతి. "పనిముట్లు లెక్కపెట్టినవా?"

"నూట నలభై ఆరో ప్రశ్న అన్నా. మడవకముందు ఒకసారి, మడిచినంక ఒకసారి లెక్కపెట్టాలి. తక్కువొస్తే విప్పాలి. ఆన్సర్ సి."

"ప్రశ్న నంబరు అడగలే. లెక్కపెట్టినవా అంటున్న."

లోహిత్ బల్ల మీద చూశాడు. పొద్దున తిరుపతి గోడకి సుద్దతో తొమ్మిది అని రాసి ఉంచాడు. ఇప్పుడు బల్ల మీద ఎనిమిది ఉన్నాయి. బల్ల కింద చూశాడు, మిషన్ కింద చూశాడు, సంచులు ఎత్తి చూశాడు. ఎనిమిదే.

"లోపల ఉండిపోయిందా అన్నా?"

"నాకేం తెలుసు? సర్టిఫికెట్ నీది. నేను షెడ్డు ఊడ్చేటోన్ని."

లోహిత్ స్టాంపు పక్కన పెట్టాడు. చొక్కా చేతులు మడిచాడు. పిన్ను లాగాడు. మూడు గంటల మడత బుస్సున బల్ల నిండా పరుచుకుంది. ఒక్కో పొర వేళ్లతో తడుముతూ పోయాడు. ఆ చివర్నుంచి ఈ చివరిదాకా గంటన్నర. ఏమీ దొరకలేదు.

అప్పుడు తిరుపతి తన చొక్కా జేబులోంచి తొమ్మిదో పనిముట్టు తీసి బల్ల మీద పెట్టాడు.

"నీ దగ్గరే ఉందా అన్నా?"

"ఉంది."

"మరి చెప్పొచ్చు కదా?"

"నా జేబుల ఉందో దాని కడుపుల ఉందో నీకెట్ల తెలుస్తది? తక్కువొస్తే విప్పాలె. విప్పినవ్. మంచిగ చేసినవ్." కుర్చీ తనవైపు లాక్కొని కూర్చున్నాడు. "ఇగ మడువు."

"నేనా?"

"సంతకం పెట్టేటోడే మడవాలె."

లోహిత్ మడత మొదలుపెట్టాడు. రెండో మడతకే తాడు మెలిక పడింది. తిరుపతి తియ్ అన్నాడు. మళ్లీ పెట్టాడు. తియ్. నాలుగోసారి హవల్దార్ హిందీ తిట్టొకటి బయటికొచ్చింది. వాసంతి గుమ్మం మీద కూర్చొని వేరుశనక్కాయలు వలుచుకుంటూ చూస్తోంది.

సాయంత్రం నాలుగింటికి శ్యామ్ లోపలికొచ్చాడు. బల్ల నిండా గుడ్డ, చెమటతో తడిసిన లోహిత్.

"ఇంకా కాలేదా? ఆదివారం షో ఉంది. స్టాంపు వేసెయ్."

"వెయ్యను సార్."

"సర్టిఫికెట్ ఉంది కదా నీకు?"

"ఉంది సార్. మడవడం రాదు."

శ్యామ్ తిరుపతి వైపు చూశాడు. తిరుపతి అతన్ని చూడలేదు. అతని చూపంతా లోహిత్ చేతుల మీదుంది.

"మూడో మడత విప్పు," అన్నాడు. "అంచు వంకరొచ్చింది."